నెట్ నెమ్మదిగా ఉంటే రంగులు తగ్గించుకోమనడం సరికాదు

సంపాదకులకు నమస్కారములు.

కళాశాలల్లోని కంప్యూటర్లను విద్యార్థులు ఇంటి నుంచే ఇంటర్‌నెట్ ద్వారా వాడుకునే పద్ధతుల గురించి మీ పత్రిక విద్యా పుటలో ఇటీవల వచ్చిన వ్యాసం ఉపయోగకరంగా ఉంది. పాకాల, పుత్తూరు, సత్యవేడు వంటి ఊళ్ల నుంచి తిరుపతికి వచ్చి చదువుకుంటూ, సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు కూడా ప్రాజెక్టు పని సాగించవలసిన పిల్లలకు ఇటువంటి సమాచారం తెలుగులో అరుదుగా దొరుకుతుంది. అయితే, నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు రిమోట్ తెర (ఇంట్లో మనకు కనిపించే కళాశాల కంప్యూటర్ తెర) రంగులను 256కు తగ్గించుకుంటే పని చురుకుగా సాగుతుందని అందులో ఇచ్చిన సలహాపై నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఉత్తరాలు, లెక్కల పట్టికలు తయారు చేసుకునేవారికి ఆ సలహా వల్ల వచ్చే నష్టమేమీ లేదు. కానీ వాతావరణ పటాలు, ఉపగ్రహ చిత్రాలు, వైద్య చిత్రాలు, వస్త్రాల డిజైన్లు వంటివాటిలో రంగే సమాచారం. అక్కడ ఈ సలహా చూసేవారిని తప్పుదోవ పట్టిస్తుంది. పైగా తప్పు జరుగుతున్నట్టు తెర మీద ఏ హెచ్చరికా కనిపించదు. తిరుపతిలో ఒక కళాశాల కంప్యూటర్ ల్యాబ్ బాధ్యతలు చాలా కాలం చూసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిగా, ఈ విషయాన్ని కొంత వివరంగా మీ పాఠకుల ముందుంచదలచాను.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల పల్లెలు భయపడిన రోజులను, తిరుమల ఘాట్ రోడ్డుపై కొండచరియలు విరిగిపడిన రోజులను తిరుపతివాసులు మరచిపోలేదు. భారత వాతావరణ శాఖ తన హెచ్చరికలకు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అనే 4 రంగులు వాడుతుంది. పసుపు అంటే పరిస్థితిని గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని అర్థం. వెబ్ ప్రమాణాల ప్రకారం నారింజ రంగులో 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో ఎరుపు 255, ఆకుపచ్చ 165, నీలం 0 పాళ్లలో ఉంటాయి. లినక్స్ (విండోస్ లాంటి మరొక వ్యవస్థ) కంప్యూటర్లను దూరం నుంచి చూడటానికి చాలామంది వాడే టైగర్‌వీఎన్‌సీ వంటి ప్రోగ్రాములో రంగుల స్థాయిని అన్నిటికన్నా కిందికి దించితే మిగిలేవి 8 రంగులే: నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు, ఊదా కలిసిన గులాబి, లేత నీలి ఆకుపచ్చ. ఆ ఎనిమిదింటిలో నారింజకు చోటు లేదు. అది పసుపుగానో ఎరుపుగానో మారి కనిపించవలసిందే. పటం గీసిన ప్రోగ్రాము తప్పు చేయలేదు, లెక్కలు తప్పలేదు, మానిటర్ చెడిపోలేదు. అయినా చూసే విద్యార్థి సిద్ధంగా ఉండవలసిన మండలాన్ని గమనిస్తే చాలునన్న మండలంగా రాసుకుంటాడు.

8 రంగులు మరీ అతి, వ్యాసకర్త చెప్పినది 256 కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ 256 ఎలా ఏర్పడతాయో చూద్దాం. ప్రతి పిక్సెల్‌కు, అంటే తెర మీది ఒక్కొక్క చుక్కకు, 8 బిట్లే (0 లేదా 1 అనే అంకెలే) కేటాయించినప్పుడు, సాధారణంగా ఎరుపుకు 3, ఆకుపచ్చకు 3, నీలానికి 2 బిట్లు వస్తాయి. అంటే ఎరుపులో 8 ఛాయలు, ఆకుపచ్చలో 8, నీలంలో 4 మాత్రమే మిగులుతాయి. బంగాళాఖాతం మీది ఉపగ్రహ చిత్రంలో లోతైన నీలం నుంచి లేత నీలం వరకు ఉండే క్రమమంతా నాలుగు ముద్దలుగా కనిపిస్తే, దానిని చూసి సముద్రపు ఉష్ణోగ్రత గురించి ఏం చెప్పగలం? 16 బిట్లు పెట్టుకుంటే ఎరుపు, నీలాలకు 32 ఛాయల చొప్పున, ఆకుపచ్చకు 64 ఛాయలు, మొత్తం 65,536 రంగులు వస్తాయి. ఇది రోజువారీ పనికి చాలు గానీ, మెల్లగా మారే ఛాయలలో మెట్లు పడతాయి. 24 బిట్లలో ఒక్కొక్క రంగుకు 256 ఛాయలు, మొత్తం 1,67,77,216 రంగులు. 32 బిట్లు అన్నప్పుడు కొత్త రంగులేవీ చేరవు. అదనపు 8 బిట్లు పారదర్శకతకో, ఖాళీ పూరణకో పోతాయి.

వేగం సంగతి నిజంగా లెక్కించవలసినదే. 1920 అడ్డం, 1080 నిలువు పిక్సెళ్లున్న తెరను 24 బిట్లలో ఉన్నదున్నట్టు పంపాలంటే ఒక్కొక్క చిత్రానికి సుమారు 62 లక్షల బైట్లు కావాలి. సెకనుకు 30 చిత్రాలు పంపితే అది దాదాపు 150 కోట్ల బిట్లు అవుతుంది. పల్లెలో ఫోన్ హాట్‌స్పాట్ మీద అది అసాధ్యం కనుక, ప్రతి రిమోట్ పద్ధతీ ఏదో ఒక విధంగా చిత్రాన్ని కుదించక తప్పదు. కానీ రంగుల బిట్లు తగ్గించడం ఆ కుదింపు పద్ధతుల్లో చాలా పాతది, చాలా మొరటుది. తెరలో మారిన భాగాన్ని మాత్రమే పంపడం, మారని భాగాన్ని వదిలేయడం వంటి పద్ధతులు ఆదా చేసేదాని ముందు దాని ఆదా స్వల్పం. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లోని రిమోట్‌ఎఫ్‌ఎక్స్ అనే కుదింపు పద్ధతి 32 బిట్ల రంగులు ఉంటేనే పనిచేస్తుంది; 16కు దించిన వ్యక్తి రంగులు పోగొట్టుకోవడమే కాక, ఆ మెరుగైన కుదింపును కూడా వదులుకుంటున్నాడు.

రంగులు తేడాగా కనిపించినప్పుడు విద్యార్థులు ముందుగా చేసే పని మానిటర్ బటన్లు నొక్కడం, లేదా సాఫ్ట్‌వేర్‌ను తీసివేసి మళ్లీ ఎక్కించడం. ఈ రెండూ సాధారణంగా వృథా ప్రయాస. ల్యాబ్‌లో నడుస్తున్న ప్రోగ్రాము గీసిన బొమ్మ ఇంటి తెర మీదికి వచ్చేలోగా చాలా చేతులు మారుతుంది. రంగు ఎవరి చేతిలో మారిందో తెలుసుకోకుండా ఏ సెట్టింగూ ముట్టుకోకూడదు. ఆ చేతులు ఏవన్నది మనం ఎంచుకున్న పద్ధతిని బట్టి మారుతుంది, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

లినక్స్ కంప్యూటర్లలో బొమ్మలను తెరకెక్కించే ఎక్స్ విండో వ్యవస్థ 1984లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మొదలై, ఇప్పటికీ వాడుకలో ఉన్న ఎక్స్11 రూపాన్ని 1987లో పొందింది. దాని లెక్క ప్రకారం సర్వర్ అనేది, అంటే అడిగిన బొమ్మను గీసిపెట్టేది, మన ముందున్న కంప్యూటరే. ఎక్కడో ల్యాబ్‌లో నడుస్తున్న ప్రోగ్రాము దానికి క్లయింట్, అంటే పని అడిగేది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌కు భద్రంగా కలిపే పద్ధతి) ద్వారా ఎక్స్ ఫార్వార్డింగ్ (అక్కడి ప్రోగ్రాము విండోను ఇంటి తెర మీద చూడటం) పెట్టుకుని పనిచేసేవారికి ఈ తలకిందుల అమరిక తెలియకపోతే, రంగుల లోతును (పిక్సెల్‌కు ఎన్ని బిట్లన్నదానిని) ల్యాబ్ కంప్యూటర్‌లో వెతుకుతూ కూర్చుంటారు. అక్కడ ఏదీ దొరకదు. ఆ పద్ధతిలో దూరపు కంప్యూటర్ నుంచి వచ్చేవి గీయమనే ఆదేశాలు మాత్రమే. గీసేది ఇంటి కంప్యూటర్‌లోని ఎక్స్ సర్వర్, అది విండోస్ మీద ఎక్స్‌మింగ్ కావచ్చు, వీసీఎక్స్‌సర్వ్ కావచ్చు, మ్యాక్ మీద ఎక్స్‌క్వార్ట్జ్ కావచ్చు. ల్యాబ్ టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే విండోలో) ఎక్స్‌డీపీవైఇన్ఫో అనే ఆదేశం ఇస్తే, ఇంటి తెర ఎన్ని బిట్ల లోతును ఇస్తున్నదో, ఏయే రంగుల విధానాలకు అంగీకరిస్తున్నదో అది చెబుతుంది. పాత పుస్తకాలలో చూసి బొమ్మ ఏ తెరకు పోవాలో చెప్పే డిస్‌ప్లే అనే చరరాశికి తామే విలువ ఇచ్చేవారు ఆ అలవాటు మానుకోవాలి. ఎస్‌ఎస్‌హెచ్ దానిని తానే అమర్చుతుంది; మనం మార్చితే బొమ్మ భద్రమైన దారి వదిలి బయటి దారిలో పోవడమో, అసలు రాకపోవడమో జరుగుతుంది.

టైగర్‌వీఎన్‌సీ వంటివి వాడే వీఎన్‌సీ పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ తెర ల్యాబ్ కంప్యూటర్‌లోనే, కంటికి కనిపించని ఊహా తెరగా తయారవుతుంది. దాని రంగుల లోతు ఆ సెషన్‌ను ప్రారంభించినప్పుడే నిర్ణయమైపోతుంది. ఎప్పుడో నెట్ ఖరీదుగా ఉన్న రోజుల్లో రాసిన ప్రారంభపు స్క్రిప్టులో (ఆదేశాల ఫైలులో) లోతు 8 లేదా 16 అని ఉంటే, ఇంటి దగ్గర విద్యార్థి తన వైపు ఎన్ని సెట్టింగులు మార్చినా ఫలితం ఉండదు. లోతును 24గా ఇచ్చి సెషన్‌ను ఆపి మళ్లీ ప్రారంభించాలి. నడుస్తున్న సెషన్‌లో అది మారదు. దీనికి తోడు ఇంటి వైపు చూపించే ప్రోగ్రాములో ఆటో అనే ఎంపిక ఉంటుంది. నెట్ వేగం పడిపోయిందని తోచినప్పుడు అది ఎవరినీ అడగకుండానే నాణ్యతను తగ్గిస్తుంది. పొద్దున సరిగ్గా ఉన్న పటం సాయంత్రం వేరుగా కనిపించిందని, సాఫ్ట్‌వేర్‌కు వైరస్ పట్టిందని ఫిర్యాదు చేసే విద్యార్థుల విషయంలో కారణం తరచుగా ఇదే. ఆటో తీసివేసి పూర్తి రంగులు ఎంచుకోవాలి.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో డిస్‌ప్లే అనే భాగం కింద 15, 16, 24, 32 బిట్ల ఎంపికలు కనిపిస్తాయి. ఇక్కడ 32 ఎంచుకున్నంత మాత్రాన 32 వస్తుందని నమ్మకం లేదు. సర్వర్‌లో (ఈ పద్ధతిలో సర్వర్ అంటే కళాశాల కంప్యూటరే) నిర్వాహకుడు గరిష్ఠ పరిమితి విధించి ఉంటే, మనకు కనిపించే ఎంపిక ఒకటి, దక్కేది మరొకటి. అందుకే ఈ సమస్యను విద్యార్థుల తలకు మాత్రమే చుట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

లోతు సరిగ్గానే ఉన్నా రంగు చెడిపోయే మరొక దారి ఉంది, దీని గురించి కంప్యూటర్ ఉపాధ్యాయులలో కూడా చాలామందికి తెలియదు. వీడియో తరహా కుదింపులో వెలుగునీడలను ప్రతి పిక్సెల్‌కూ విడిగా ఉంచి, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్ల గడికి ఒక్కటి చొప్పున ఉంచుతారు. సన్నని గీతలతో ముగ్గు వేసి, రంగుపొడి మాత్రం నాలుగు గళ్లకు కలిపి ఒకే గుప్పెడు చల్లినట్టన్నమాట. ఫోటోలలో ఇది కంటికి ఆనదు. శ్రీకాళహస్తి కలంకారీ నమూనాలను కంప్యూటర్‌లో దిద్దుకునేవారికి తెల్లని నేల మీది నల్లని గీత కూడా చెక్కుచెదరకుండానే కనిపిస్తుంది, ఎందుకంటే నలుపు తెలుపుల తేడా వెలుగులోనే ఉంది. కానీ ముదురు నీలం మీద వేసిన సన్నని ఎర్ర గీత పక్కకు ఒలికినట్టు మసకబారుతుంది. పటాల మీద రంగు అక్షరాలతో రాసిన అంకెలదీ ఇదే గతి. విండోస్ 10, విండోస్ సర్వర్ 2016 నుంచి రంగును కూడా ప్రతి పిక్సెల్‌కూ విడిగా పంపే 4:4:4 పద్ధతి అందుబాటులో ఉంది. దానిని సర్వర్ విధానాలలో నిర్వాహకుడు ఎంచుకోవాలి. వీఎన్‌సీలో అయితే జేపెగ్ (ఫోటోలకు వాడే) కుదింపును ఆపివేయడమో, దాని నాణ్యతను పెంచడమో చేయాలి.

రంగు ఎక్కడ మారిందో పట్టుకునే ఒక సులువైన ఉపాయాన్ని ప్రతి ల్యాబూ పాటించవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద రంగులు ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా మెల్లగా పెరిగే నాలుగు పట్టీలున్న బొమ్మను పీఎన్‌జీ (రంగులు పోకుండా దాచే) ఫైలుగా తయారు చేసి ఉంచుకోవాలి. ముందుగా దానిని ఇంటి కంప్యూటర్‌లోకి దించుకుని అక్కడే తెరవాలి. పట్టీలు నునుపుగా కనిపిస్తే ఇంటి తెరలో దోషం లేదు. చవక ల్యాప్‌టాప్ తెరలు కొన్ని ఒక్కొక్క రంగుకు 6 బిట్లే చూపగలవు కనుక, అక్కడే కొద్దిపాటి గరుకుదనం ఉంటే దానిని గుర్తు పెట్టుకోవాలి. తరువాత అదే ఫైలును రిమోట్ సెషన్ లోపల, ల్యాబ్ కంప్యూటర్‌లోని మామూలు బొమ్మల ప్రోగ్రాముతో తెరవాలి. ఇప్పుడు మెట్లు కనిపిస్తే వాటిని లెక్కపెట్టాలి. ఎర్ర పట్టీలో 8 మెట్లు, నీలంలో 4 ఉంటే ఎక్కడో 8 బిట్ల సెట్టింగ్ ఉంది. ఎరుపులో 32, ఆకుపచ్చలో 64 ఉండి, బూడిద పట్టీలో అక్కడక్కడ పచ్చదనమో గులాబి ఛాయో తొంగిచూస్తే అది 16 బిట్ల లక్షణం. మెట్లు లేకుండా పట్టీల అంచులు మాత్రమే చెదిరితే నేరం కుదింపుది. ఈ రెండు పరీక్షల్లోనూ పట్టీలు బాగానే ఉండి, మనం వాడే సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే రంగులు తప్పితే, అప్పుడే ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల జోలికి పోవాలి.

సాఫ్ట్‌వేర్ దోషానికి ఒక మంచి ఉదాహరణ ఐడీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాష. మనకు దగ్గరలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉండటం, అక్కడ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తూ పై వాతావరణంలోని గాలులను కొలిచే ఎంఎస్‌టీ రాడార్ ఉండటం వల్ల, తిరుపతి ప్రాంతపు విద్యార్థులలో వాతావరణ శాస్త్రం వైపు మొగ్గేవారు ఎప్పుడూ ఉంటారు. ఆ రంగంలో ఐడీఎల్ వంటి పాత భాషలో రాసిన ప్రోగ్రాములు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. అవి రాసిన కాలంలో తెరకు 256 రంగుల పట్టిక ఉండేది. ప్రోగ్రాము 0 నుంచి 255 లోపు ఒక అంకె ఇస్తే, పట్టికలో ఆ వరుసలో ఉన్న రంగు తెర మీద పడేది. ఇప్పటి 24 బిట్ల తెర మీద ఐడీఎల్ అదే అంకెను నేరుగా రంగుగా తీసుకుంటుంది. దాని అమరికలో చివరి 8 బిట్లు ఎరుపువి. కనుక 255 లోపు ఏ అంకె ఇచ్చినా నలుపు నుంచి ఎరుపు దాకా ఏదో ఒక ఛాయే వస్తుంది, పటమంతా రక్తవర్ణం అవుతుంది. దీనికి విరుగుడు ప్రోగ్రాము మొదట్లో డివైస్ ఆదేశానికి డీకంపోజ్డ్ విలువను 0గా ఇవ్వడం. దానితోపాటు రిటెయిన్ విలువను 2గా ఇస్తే, మరొక విండో అడ్డువచ్చి తొలగినప్పుడు పటం ఖాళీ పడకుండా ఉంటుంది. గాలి కదలికను చూపే డాప్లర్ రాడార్ పటాలలో సాధారణంగా రాడార్ వైపు వచ్చే గాలికి ఆకుపచ్చ, దూరంగా పోయే గాలికి ఎరుపు వాడతారు. పటమంతా ఎర్రబారితే గాలి దిశే పోయినట్టు. ఇటువంటి చోట విద్యార్థి తెర రంగులు తగ్గించి 256కు దించితే ఒకవేళ పాత ప్రోగ్రాము సరిగ్గా కనిపించవచ్చు కూడా. అప్పుడు సమస్య తీరినట్టు అనిపించి, మిగతా బొమ్మలన్నీ చెడిపోతాయి. పాత తరహా 8 బిట్ల తెరల మీద ఒక విండోలోకి మౌస్ వెళ్లగానే మిగతా విండోల రంగులు వికృతంగా మారిపోవడం ఆ కాలపు ల్యాబ్‌లు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. 256 రంగులను అన్ని ప్రోగ్రాములూ పంచుకోవలసి రావడమే అందుకు కారణం.

ఎరుపు నీలాలు ఒకదాని స్థానంలో మరొకటి వచ్చి, మనుషుల ముఖాలు నీలంగా కనిపిస్తే అది రిమోట్ సమస్య కాకపోవచ్చు. బొమ్మలపై పనిచేసే ఓపెన్‌సీవీ అనే ప్రోగ్రాముల సేకరణ (లైబ్రరీ) చిత్రాన్ని నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసలో చదువుతుంది. పటాలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే మరో లైబ్రరీ ఎరుపుతో మొదలయ్యే వరుసను ఆశిస్తుంది. మధ్యలో వరుస మార్చడం మరిచిపోతే ఫలితం ఇదే. తెర మొత్తం సాయంత్రం వేళ పసుపు పచ్చగా మారిందంటే కళ్లకు హాయి కోసం పెట్టుకున్న నైట్ లైట్ సెట్టింగ్‌ను చూడాలి. స్క్రీన్‌షాట్‌లో ఆ పసుపు కనిపించదు కనుక, స్క్రీన్‌షాట్ అందుకున్న ల్యాబ్ నిర్వాహకుడు అంతా బాగానే ఉందని జవాబిస్తాడు, విద్యార్థి మరింత తికమకపడతాడు. మరో మనవి: తెరను ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి రంగులు సరిచూడమని దయచేసి ఎవరినీ అడగవద్దు. కెమెరా ఒకసారి, వాట్సాప్ మరొకసారి మార్చిన బొమ్మ మీద తీర్పు చెప్పడం ఎవరి తరమూ కాదు.

నెట్ నిజంగా నెమ్మదిగా ఉన్నప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా అభ్యంతరం మాత్రమే చెప్పడం సబబు కాదు. రిమోట్ తెర పరిమాణాన్ని 1920 నుంచి 1280 అడ్డానికి, 1080 నుంచి 720 నిలువుకు తగ్గిస్తే పిక్సెళ్లు సగానికి మించి తగ్గిపోతాయి, ఒక్క రంగూ పోదు. వాల్‌పేపర్, విండోలు తెరుచుకునేటప్పటి హంగులు, అక్షరాల నునుపు వంటివి తీసివేయవచ్చు. అవి లేనందువల్ల ఏ పటమూ అబద్ధం చెప్పదు. అన్నిటికన్నా మేలైనది, ప్రోగ్రాముకు పటాన్ని ల్యాబ్ కంప్యూటర్‌లోనే ఫైలుగా భద్రపరచమని చెప్పి, ఆ ఫైలును ఎస్‌ఎఫ్‌టీపీ (ఫైళ్లను భద్రంగా పంపుకునే పద్ధతి) ద్వారా ఇంటికి దించుకుని తీరిగ్గా చూసుకోవడం. కొన్ని లక్షల బైట్లున్న పీఎన్‌జీ ఫైలు ఎంత నెమ్మది నెట్ మీదైనా కొంచెం ఆలస్యంగానైనా ఉన్నదున్నట్టు వస్తుంది. పటం మీద మౌస్‌తో నిమిషానికోసారి మార్పులు చేయనవసరం లేని పనులన్నిటికీ ఇదే సరైన దారి. ప్రాజెక్టు నివేదికలలో అతికించే పటాలను రిమోట్ తెర స్క్రీన్‌షాట్ల నుంచి కాక, ఈ ఫైళ్ల నుంచే తీసుకోవాలని ఉపాధ్యాయులు నియమం పెట్టడం కూడా అవసరం.

కళాశాలలు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. వీఎన్‌సీ ప్రారంభ స్క్రిప్టులలో లోతును 24గా ఉంచడం, విండోస్ సర్వర్‌లో రంగులపై పరిమితి ఉంటే తీసివేయడం, పైన చెప్పిన నాలుగు పట్టీల ఫైలును ప్రతి విద్యార్థికీ కనిపించే చోట ఉంచడం, ఏ పద్ధతిలో ఏ వైపు సెట్టింగ్ మార్చాలో ఒక పేజీలో తెలుగులో రాసి ఇవ్వడం, ఇంతే. లక్షలు పోసి కొత్త మానిటర్లు కొనడానికి ముందు ఒక పూట పని ఇది.

మీ విద్యా పుటలోని సలహాలను మార్కుల కోసం కాక పని కోసం చదివే విద్యార్థులు ఈ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. కనుక 256 రంగుల సలహాకు సవరణను అదే పుటలో, అదే ప్రాముఖ్యంతో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. తెర పరిమాణం తగ్గించుకోవడం, పటాన్ని ఫైలుగా దించుకోవడం అనే రెండు ప్రత్యామ్నాయాలను ఆ సవరణలోనే చేర్చితే మరింత ఉపయోగకరంగా ఉంటుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి.